కింద వెయ్యమన్నందుకు

ఆ శుక్రవారం పొద్దున ఆర్లిస్ బ్రెక్కి మనసులో ఉన్నది ఒక్కటే. మధ్యాహ్నం దాకా ఎవరూ ఏ పొరపాటూ చెయ్యకూడదు. డాలస్ నుంచి ఛానల్‌ని నడిపే కంపెనీ పెద్దమనిషి వస్తున్నాడు. పన్నెండింటి బులెటిన్‌ని స్టూడియోలో నిలబడి చూస్తాడు. తర్వాత సిబ్బందితో కూర్చుని నాలుగు ముద్దలు తింటాడు. తిన్నాక ఏదో చెబుతాడు. ఆ చెప్పబోయేది ఏమిటో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వల్లే ఆరో ఛానల్ న్యూస్ డైరెక్టర్ ఆర్లిస్ గారికి వారం రోజులుగా కంటిమీద కునుకు లేదు.

లార్స్‌టన్‌లో టీవీ ఛానళ్లు మూడు: మూడో ఛానల్, ఆరో ఛానల్, పదో ఛానల్. చూసేవాళ్ల లెక్కల్లో ఆరో ఛానల్‌ది మూడో స్థానం. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ఆర్లిస్ గడ్డం పైకెత్తి, "మూడోది కాదు, మొదటి మూడింట్లో ఒకటి" అనేది. ఆమె ఆ మాట నవ్వులాటకు అనేది కాదు. ఆ ఊళ్లోనే పుట్టింది, ఆ ఊరి వార్తలే చదివింది, రాసింది, దిద్దింది. నది పొంగినప్పుడు ఆ భవనంలోనే పడుకుంది. మిగతా రెండు ఛానళ్లకూ మంచి స్టూడియోలు ఉండవచ్చు గానీ, ఊరు మాత్రం తమదేనని ఆమె గట్టి నమ్మకం.

కంపెనీ సంగతి ఆమెకు తెలియంది కాదు. పక్క రాష్ట్రంలో ఇలాంటి ఊరి ఛానల్‌నే నిరుడు ఖాళీ చేసి, వార్తలన్నీ డాలస్‌లో కూర్చుని చదవడం మొదలుపెట్టారు. ఆ చదివేవాడికి ఆ ఊరి వీధుల పేర్లు నోరు తిరగవు. మోకాళ్ల లోతు మంచులో జనం కారు తవ్వుకుంటుంటే, అతగాడు నవ్వుతూ ఎండ కాస్తుందని చెప్పాడట. మన దాకా రాదులే అని ఆర్లిస్ అందరికీ ధైర్యం చెప్పింది. తనకు తాను మాత్రం చెప్పుకోలేకపోయింది.

అందుకే భోజనం ఏర్పాటు. ఆ ప్రాంతంలో ఎవరినైనా మంచి చేసుకోవాలంటే హాట్‌డిష్ పెట్టాల్సిందే. లోతు పళ్లెంలో మాంసం కైమా, చిక్కుడు కాయలు, పుట్టగొడుగుల సూప్ కలిపి, పైన బంగాళాదుంప ముక్కలు పరిచి ఓవెన్‌లో పెట్టే వంటకం అది. లార్స్‌టన్‌లో మనిషి పుట్టినా, పోయినా, కాలు విరిగినా, ఆ ఇంటికి పలకరింపు కన్నా ముందు హాట్‌డిష్ వెళుతుంది. సిబ్బంది తలా ఒకటి తెస్తే డాలస్ మనిషి కడుపు నిండుతుంది, కడుపు నిండినవాడి నోట కఠినమైన మాట రాదు. ఆమె ఎత్తు అంతవరకే.

ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో మూత పెట్టిన పళ్లెం పట్టుకుని మెట్లెక్కుతూ ఆమె కంట్రోల్ రూమ్ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. లోపల డ్వేన్ స్కోగ్లండ్ కాఫీ తాగుతున్నాడు. తెరల మీద అక్షరాలు వేసే పని అతనిది. ఏది చెబితే అది, చెప్పినది చెప్పినట్టు చేస్తాడు. అతనిలో ఉన్న సుగుణమూ అదే, దుర్గుణమూ అదే.

"డ్వేన్! మధ్యాహ్నం హాట్‌డిష్ భోజనం, అందరూ రావాలి, తలా ఒకటి తేవాలి. కాస్త టైప్ చేసి కింద వెయ్యి బాబూ, అందరికీ కనపడేలా."

"ఎవరి పేరు మీద వెయ్యమంటావ్?"

"ఎవరి పేరేంటయ్యా, మన ఆరో ఛానల్ పేరు మీదే."

ఆమె 'కింద' అన్నది కింది అంతస్తులో, గుమ్మం పక్కన, సిబ్బంది వచ్చీపోయే చోట ఉన్న తెర గురించి. అయితే కంట్రోల్ రూమ్‌లో ముప్పై ఏళ్లు కూర్చున్నవాడికి 'కింద' అంటే లోకంలో ఒకటే కింద. టీవీ తెర అడుగున పరుగెత్తే స్క్రోలింగ్.

ఆ రోజు ఆ స్క్రోలింగ్‌కి ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. రాత్రి మంచు బాగా కురిసింది. ఏ బడి ఉంది, ఏ బడి లేదు అని ఊళ్లో ప్రతి ఇంట్లో పిల్లలు ఒక పక్క, తల్లులు ఒక పక్క ఆ వరస మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నారు. ఆ వరస నడిపే మిషన్‌కి తెలిసినవి మూడే మాటలు: మూత, రెండు గంటలు ఆలస్యం, ముందే వదిలేస్తారు. ఏదో ఒకటి నొక్కకపోతే పేరు తెరమీదకు ఎక్కదు. డ్వేన్ కాసేపు బుర్ర గోక్కున్నాడు. మధ్యాహ్నం అందరూ తింటుంటారు, ఫోన్లు ఎత్తేవాళ్లుండరు. ఎలా చూసినా నిజానికి దగ్గరగా ఉన్న మాట మొదటిదే అనిపించింది. నొక్కాడు.

అలా సెయింట్ ఆన్స్ నర్సరీ బడికీ, కుక్కల శిక్షణ తరగతికీ మధ్యన ఒక కొత్త వరస బయలుదేరింది: "ఆరో ఛానల్ — మూత. మధ్యాహ్నం హాట్‌డిష్ భోజనం. అందరూ రావాలి. తలా ఒకటి తేవాలి."

లార్స్‌టన్‌లో ఎవరైనా పోతే చర్చి బేస్‌మెంట్‌లో పెట్టే భోజనానికి పిలిచే మాటలు అచ్చం ఇవే. ఊరు ఊరంతా చెంచాలు పట్టుకున్న చేతులు గాల్లోనే ఆపేసింది.

మొదటి ఫోను ఆర్లిస్ తల్లి అయోనీ నుంచి వచ్చింది. ఆమెకు ఎనభై దాటాయి, చెవులు బాగా పనిచేస్తాయి, నోరు ఇంకా బాగా పనిచేస్తుంది. కానీ ఆ ఊరి పెద్దవాళ్లందరికీ ఉన్న అలవాటే ఆమెకూ ఉంది. చెడ్డ మాటని పేరు పెట్టి పిలవరు.

"చూశానే ఆర్లిస్," అంది గొంతు తగ్గించి.

"ఏం చూశావమ్మా?"

"అదేనే... ఆ సంగతి."

డాలస్ మనిషి వస్తున్నాడని ఆర్లిస్ తల్లికి ముందే చెప్పి ఉంది. ఆ బెంగే కాబోలు అనుకుంది.

"నువ్వేం బాధపడకమ్మా. మధ్యాహ్నానికల్లా అంతా అయిపోతుంది."

"అంత తొందరగానా?"

"ఆయనకి సాయంత్రమే విమానం మరి."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "ఎంత గుండె నిబ్బరమే నీది! మీ నాన్న పోయిన రోజు కూడా ఇలాగే ఉన్నావు. సరేగానీ, దుంప ముక్కలు పరిచింది తేనా, కోడిమాంసం, అన్నం కలిపింది తేనా?"

"నువ్వెందుకు తేవడం? అది మా వాళ్లకి కదా."

"బావుంది! నేను రాకుండా ఎలా కుదురుతుందే? మూడో ఛానల్‌కి మార్చమని మీ పిన్ని ఎన్నిసార్లు చెప్పినా మార్చానా? రెండూ తెస్తాను," అని పెట్టేసింది.

తల్లికి ఒంటరిగా తోచడం లేదు కాబోలని ఆర్లిస్ సరిపెట్టుకుంది. ఇంతలో చర్చి నుంచి పాస్టర్ ఎల్డన్ ఫోను.

"అమ్మా ఆర్లిస్, కుర్చీలూ, కాఫీ కాచే పెద్ద పాత్రా పంపిద్దామనుకుంటున్నా. ఎంతమంది అవుతారు?"

ఆ మంచితనానికి ఆమె కరిగిపోయింది. "మీకెందుకండీ శ్రమ! మహా అయితే పదిహేను మంది."

"వినయం మంచిదే తల్లీ. కానీ నేను బేస్‌మెంట్‌లో ఉన్నవన్నీ పంపిస్తున్నాను. పాట ఏమైనా అనుకున్నావా?"

"పాటా?"

"ఒక్క పాటైనా లేకుండా ఎలా? పాడేవాళ్లని తీసుకొస్తాలే."

డాలస్ అతిథికి ఊరి తరఫున స్వాగతం కాబోలని ఆమె పొంగిపోయింది. "మీ ఇష్టమండీ. సాగనంపేటప్పుడు పాడితే బాగుంటుంది."

"సాగనంపేటప్పుడే... అవును తల్లీ," అన్నాడాయన.

ఇంత పెద్దమనసున్న ఊరిని కదా డాలస్‌వాడు చూడబోతున్నాడు అని ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆ నిటారుతనం పూలు వచ్చేదాకానే నిలిచింది. చావింటికి పంపే రకం తెల్లటి లిల్లీలు, మూడు కాళ్ల చట్రం మీద, నిలువెత్తున. అడ్డంగా కట్టిన రిబ్బన్ మీద బంగారు రంగు అక్షరాలు: "మీరు లేని లార్స్‌టన్‌ని ఊహించుకోలేం — పదో ఛానల్."

పదో ఛానల్ అంటే మొదటి స్థానం. పదో ఛానల్ అంటే గ్లెండా క్రూగర్. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. నాటకాల్లో వేషాల దగ్గర్నుంచి మేయరు ఇంటర్వ్యూల దాకా అన్నింటికీ పోటీ పడ్డారు. ఆర్లిస్ చెవులు ఎర్రబడ్డాయి. వెంటనే ఫోను చేసింది.

"ఏమే గ్లెండా, ఇదేం వెటకారమే?"

"వెటకారమా? ఆ మాట చూసినప్పట్నించీ నాకు చేతులాడ్డం లేదు తెలుసా! నేనే వస్తున్నా. కెమెరా కూడా తెస్తున్నా."

"కెమెరా ఎందుకూ?"

"నా చోట నువ్వుంటే తేవా?" గ్లెండా ఏడుస్తూనే పెట్టేసింది.

ఇప్పుడు ఆర్లిస్‌కి అనుమానం పట్టుకుంది. డాలస్ మనిషి మనసులో మాట పదో ఛానల్‌కి ముందే తెలిసిపోయిందా? తన ఛానల్ గురించిన వార్త తనకన్నా ముందు పోటీవాళ్లకి అందిందా? రెండింట్లో ఏది ఎక్కువ అవమానమో తేల్చుకునేలోపే వెర్లిన్ హౌగెన్ తలుపు తోసుకుని వచ్చాడు.

వెర్లిన్ ఆరో ఛానల్ వాతావరణం మనిషి. మంచు పడిన రోజున మంచుబొమ్మలున్న టై కట్టుకోకుండా అతను ఎవరికీ కనిపించలేదు. ఆ రోజు నల్ల సూటు, నల్ల టై.

"ఆర్లిస్, ఆ పాత మ్యాపు నేను ఇంటికి తీసుకెళ్లొచ్చా?"

"మ్యాపు నీకెందుకు?"

"గుర్తుగా ఉంటుంది." అతను నల్ల టై సర్దుకున్నాడు. "నాతో ఒక్క మాట ముందుగా చెప్పాల్సింది. మా ఆవిడ ఫోన్ చేసి చెబితే తెలిసింది నాకు."

"ఏం తెలిసింది?"

"అదే... ఆ సంగతి."

"ఏ సంగతయ్యా మహానుభావా!" ఆర్లిస్ లేచి నిలబడింది. "పొద్దున్నించీ ఊరంతా ఆ సంగతి, ఆ సంగతి అంటోంది. ఆ సంగతికి పేరు పెట్టేవాడు ఒక్కడూ లేడా ఈ ఊళ్లో?"

వెర్లిన్ గోడకున్న టీవీ వైపు వేలు చూపించాడు. కుక్కల శిక్షణ తరగతి వెళ్లింది. బౌలింగ్ పోటీలు వెళ్లాయి. మరికాసేపటికి సెయింట్ ఆన్స్ నర్సరీ బడి వచ్చింది. దాని వెనకాలే తమ పేరు, పక్కన ఆ మాట.

తమ ఛానల్ స్క్రోలింగ్‌ని తాము చదవకపోవడం ఆ భవనంలో అందరికీ ఉన్న జబ్బే. ఆర్లిస్ రెండుసార్లు చదివి, కంట్రోల్ రూమ్‌కి పరుగు తీసింది, వెనకాలే వెర్లిన్.

"డ్వేన్! ఏం చేశావయ్యా!"

"నువ్వు చెప్పిందే. కింద వెయ్యమన్నావుగా."

"కింద అంటే కింది అంతస్తులో!"

డ్వేన్ నొచ్చుకున్నాడు. "మరి ఆ మాట అనాలి కదా. అందరికీ కనపడేలా అని కూడా అన్నావు."

"పక్కన ఆ 'మూత' ఏంటి?"

"అది మిషన్ అడిగింది."

"ముందు తీసెయ్! ఇప్పుడే తీసెయ్!"

తీసేశాడు. అది ఇంకా పెద్ద పొరపాటైంది. అప్పటిదాకా నమ్మాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు కూడా, "అయ్యో, పేరు కూడా చెరిపేశారే!" అని కోట్లు తొడుక్కున్నారు.

ఆర్లిస్ కిటికీ దగ్గరికి వెళ్లి తెర పక్కకి జరిపింది. కార్లు నిలిపే చోటంతా నిండిపోయి, రోడ్డు పొడవునా బారు తీరి ఉంది. ప్రతి కారులోంచి తువ్వాలు చుట్టిన పళ్లెం ఒకటి దిగుతోంది. పాస్టరుగారి వ్యాను నుంచి మడత కుర్చీలు దిగుతున్నాయి. పదో ఛానల్ వ్యాను యాంటెనా పైకి లేపుతోంది. దాని పక్కన మూడో ఛానల్ వ్యాను కూడా. డాలస్ మనిషి రావడానికి ఇక ఎంతోసేపు లేదు. అతను అడుగుపెట్టగానే కనబడేది తప్పూ తడకా లేని బులెటిన్ కాదు, సొంత చావుని సొంత స్క్రోలింగ్‌లో వేసుకున్న ఛానల్. మూసెయ్యడానికి ఇంతకన్నా సాకేం కావాలి? తను పుట్టి బుద్ధెరిగి చేసిన ఒకే ఒక్క పని తన నోటి మాటతోనే పోతోందని ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఏమైనా సరే, జనానికి నిజం చెప్పి పంపించేయాలని కిందికి దిగింది. దిగిందేగానీ నోరు తెరిచే సందు ఎవరూ ఇవ్వలేదు.

మొదట ఓర్విల్ అనే ముసలి రైతు ఆమె చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. "ఆ సుడిగాలి రోజున మీ వెర్లిన్ మా వీధి పేరు పెట్టి మరీ చెప్పాడమ్మా, బేస్‌మెంట్‌లోకి దిగండి అని. దిగాం. పైకొచ్చేసరికి కొట్టం లేదు, మేమున్నాం. అప్పట్నించీ అతను ఏ టై కట్టినా ఏమీ అన్లేదు నేను."

"అది కాదండీ, అసలు..."

"మా అమ్మకి నూరేళ్లు నిండిన రోజు మీరు తప్ప ఇంకెవరొచ్చారు?" అంది వెనకనున్న ఆవిడ. "ఆ కేకు మీద పేరు తప్పుంటే మీ ఛానల్ అమ్మాయి కెమెరా ఆపి, దిద్దించి మరీ తీసింది."

"మా పాప హాకీ ఆడితే ఓడిపోయినా చూపించారు," అన్నాడు ఇంకొకాయన. "గెలిచినవాళ్లని ఎవరైనా చూపిస్తారు."

ఇన్నేళ్లూ ఆర్లిస్‌కి అందిందల్లా అంకెలు. ఎంతమంది చూశారు, ఎంత తగ్గారు, ఎన్నో స్థానం. ఈ మాటలు ఎవరూ ఏ లెక్కలోనూ పంపలేదు. చచ్చిపోతే తప్ప మనిషిని పొగడని ఊరది. ఇప్పుడు పోయిందనుకుని దాచుకున్నదంతా కుమ్మరిస్తోంది. ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, అన్నింటినీ మించి గర్వం వచ్చింది. మూడో స్థానమట! ఎవడు లెక్కపెట్టాడో వాడొచ్చి ఈ వాకిట్లో నిలబడాలి.

అయినా నిజం నిజమే కదా అని మెట్టెక్కి గట్టిగా అరిచింది. "అందరూ వినండి! ఇది టైపింగ్..."

సరిగ్గా అప్పుడే పాస్టర్ ఎల్డన్ చెయ్యి ఎత్తాడు, ఆయన తెచ్చినవాళ్లు పాట ఎత్తుకున్నారు. ఆమె మాట అందులో కలిసిపోయింది.

పాట నడుమ తలుపు తెరుచుకుని డాలస్ మనిషి ట్రెంట్ హార్గ్రోవ్ లోపలికి వచ్చాడు. డాలస్ చలికి సరిపోయే పల్చటి నల్ల కోటు, నల్ల బూట్లు, చలికి ఎర్రబడుతున్న ముక్కు. కారు ఎక్కడా ఆపే చోటు దొరక్క చాలా దూరం నడిచి వచ్చాడు. నల్ల కోటు చూసి అతన్ని శవపేటికల కంపెనీ మనిషనుకున్న అయోనీ, దారిలోనే తన రెండు హాట్‌డిష్‌లూ అతని చేతుల్లో పెట్టి, "జాగ్రత్త నాయనా, అడుగున కాలుతుంది," అని వెనకాలే నడిపించుకొచ్చింది.

ఆర్లిస్ మనసులో క్షమాపణ తయారుగానే ఉంది. "సార్, నన్ను క్షమించాలి. ఇదంతా..."

"ఎవరు చెప్పారు?" అన్నాడు ట్రెంట్, రెండు పళ్లేల మీదుగా, పాలిపోయిన మొహంతో.

"ఏమిటి సార్?"

"నలుగురం గదిలో కూర్చుని అనుకున్న మాటండీ. సోమవారం దాకా బయటికి పొక్కకూడదనుకున్నాం. ఊరు ఊరంతా ఎలా తెలిసింది? ఎవరు చెప్పారు?"

ఆర్లిస్ క్షమాపణ మానేసింది. అంటే మూత నిజమే. డ్వేన్ తెలియక నొక్కిన మాట, ఈ మనిషి జేబులో పెట్టుకొచ్చిన మాట ఒకటే. మరుక్షణం ఆమెకు ఆ ఊరి ఆడవాళ్లకి మాత్రమే వచ్చే ఒక నిదానం వచ్చింది. ఎదుటివాడిని ఏమీ అనకుండా నిలబెట్టేసే నిదానం.

"మా ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఊరికి ముందే తెలుస్తుంది సార్," అంది. "పన్నెండు కావొచ్చింది. మూడు ఛానళ్లూ లైవ్‌లో ఉన్నాయి. ఆ సంగతేదో మీ నోటితోనే చెప్పండి. రండి, ముందు అవి కింద పెట్టండి."

"కింద అంటే బల్ల మీదే కదా?" అన్నాడు పైమెట్టు మీద నుంచి డ్వేన్, ఈసారి జాగ్రత్తగా.

ట్రెంట్‌ని కుర్చీలో కూర్చోబెట్టారు. చేతికి పళ్లెం ఇచ్చారు. పళ్లెంలో ఒకరి హాట్‌డిష్ పడ్డాక ఇంకొకరిది పడకపోతే మర్యాద కాదు కాబట్టి, అతని ముందు కొండ లేచింది. సోఫాల కొట్టు యజమాని పక్కన కూర్చుని భుజం తట్టాడు. "నా సోఫాల ప్రకటన మీ ఛానల్లోనే ఇస్తాను బాబూ. రేపట్నించి ఎక్కడివ్వాలి? డాలస్‌లోనా? డాలస్‌వాళ్లొచ్చి కొంటారా నా సోఫాలు?" అతని వెనక ట్రాక్టర్ల డీలరు, అతని వెనక మందుల షాపు ఆవిడ. డాలస్‌లో కాగితాల మీద ప్రకటనదారులుగా కనబడినవాళ్లంతా ఇక్కడ గరిటెలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

గ్లెండా క్రూగర్ కళ్లు తుడుచుకుని, మైకు అతని గడ్డం కింద పెట్టింది. "చెప్పండి. ఆరో ఛానల్ మూతపడుతోందా?"

"పిల్లాణ్ణి తిననివ్వవే," అంది అయోనీ. "నువ్వు తిని చెప్పు నాయనా. నిజమే చెప్పు. మాదీ అని చెప్పుకోడానికి మాకున్నది అదొక్కటే. పోతోందంటే తట్టుకుంటాం, అలవాటే. ఎందుకు పోతోందో మాత్రం మా మొహాలు చూసి చెప్పు."

పాట ఆగిపోయింది. హాలంతా అతని నోటివైపు చూస్తోంది. మంచు మీద నడిచి వచ్చిన ముసలివాళ్లు, బడి లేక వచ్చిన పిల్లలు, నల్ల టై కట్టుకున్న వెర్లిన్, ఏడుస్తున్న పోటీ ఛానల్. ఆర్లిస్ మెట్టు మీద చేతులు కట్టుకుని నిలబడింది. ట్రెంట్ నోట్లో ఉన్నది మింగాడు. నాలుగు మొహాలు చూశాడు. అతనూ ఎక్కడో ఒక ఊళ్లో పుట్టినవాడే అయి ఉండాలి.

"లేదండీ," అన్నాడు. "మూతా గీతా ఏం లేదు. అదేదో... టైపింగ్ పొరపాటు అయ్యుంటుంది."

తను గొప్ప అబద్ధం ఆడానని ట్రెంట్ అనుకున్నాడు. అది అక్షరాలా నిజమని ఆ భవనంలో ముగ్గురికే తెలుసు. ఆ ముగ్గురిలో డ్వేన్ ఏదో చెప్పబోతుంటే, పక్కకి చేరిన వెర్లిన్ మెల్లగా అతని కాలు తొక్కాడు.

"అయితే వార్తలూ, వాతావరణం ఇక్కణ్ణుంచేనా?" గ్లెండా వదల్లేదు.

"ఇక్కణ్ణుంచే."

"ఎన్నాళ్లు?"

అయోనీ గరిటె అప్పటికే అతని పళ్లెం మీదకు వచ్చింది. "ఎన్నాళ్లైనా," అన్నాడు ట్రెంట్ గబగబా.

మూడు ఛానళ్లలోనూ ఒకేసారి వెళ్లిన మాటని డాలస్‌లో ఏ నలుగురు గదిలో కూర్చున్నా వెనక్కి తీసుకోలేరు. హాలు దద్దరిల్లింది. పాస్టరుగారు తెలిసిన పాటల్లో సంతోషమైనది ఏదా అని వెతుక్కున్నారు. వెర్లిన్ బాత్‌రూమ్‌కి వెళ్లి మంచుబొమ్మల టై కట్టుకుని వచ్చాడు. జేబులోనే పెట్టుకున్నాడట, ఎందుకైనా మంచిదని.

గ్లెండా మైకు ఆపి ఆర్లిస్ దగ్గరికి వచ్చింది. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "పోలేదుగా. అయితే నా పూలు నాకిచ్చెయ్."

"ఇవ్వను. రిబ్బన్ మీద చాలా బాగా రాయించావు. ఫ్రేమ్ కట్టించి గుమ్మంలో పెడతా."

"మూడో స్థానానికి ఇంత పొగరా!"

"మొదటి మూడింట్లో ఒకటే," అంది ఆర్లిస్. ఈసారి గడ్డం ఎత్తాల్సిన పని కూడా పడలేదు.

తర్వాత ఆమె డ్వేన్ దగ్గరికి వెళ్లింది. ఇంకా దారిలో ఉన్నవాళ్లు ఏడుస్తూ కారు నడపకూడదు కదా. "మనం మూతపడటం లేదని దిద్ది వెయ్యి బాబూ. కింద. తెర కింద. అర్థమైందా?"

"ఇప్పుడు సరిగ్గా చెప్పావు," అన్నాడు డ్వేన్ సంతోషంగా.

వెళ్లి మిషన్ ముందు కూర్చున్నాడు. ఆరో ఛానల్ అని కొట్టాడు. హాట్‌డిష్ భోజనం సంగతి నిజమే కాబట్టి దాన్నీ మళ్లీ అలాగే కొట్టాడు. మిషన్ మళ్లీ అదే అడిగింది. మూత అనేది ఎలాగూ కాదు. ముందే వదిలేస్తారు అన్నది అబద్ధం, ఎవరూ కదిలేలా లేరు. మిగిలింది ఒకటే. నొక్కాడు.

"ఆరో ఛానల్ — రెండు గంటలు ఆలస్యం. మధ్యాహ్నం హాట్‌డిష్ భోజనం. అందరూ రావాలి. తలా ఒకటి తేవాలి."

సరిగ్గా రెండింటికి రెండో విడత హాట్‌డిష్‌లు వచ్చాయి.